క్యాన్సర్ స్క్రీనింగ్‌కి రావాల్సినవాళ్ళే ఎందుకు రావట్లేదు? (పలాస వైపు నుంచి)

ఉద్దానం అమ్మాయి

అందరికీ నమస్తే. నేను శ్రీకాకుళం జిల్లాలో పలాసకి దగ్గర్లోనే ఒక ఊళ్ళో ఎంఎల్‌హెచ్‌పీగా పనిచేస్తున్నాను, అంటే బీఎస్సీ నర్సింగ్ చదివి ఊరి క్లినిక్‌లో కూర్చునే మనిషిని. ముప్పై దాటినవాళ్ళందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోరు చూడాలి, ఆడవాళ్ళకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా చూడాలి, ఏదైనా తేడా అనిపిస్తే పైకి పంపాలి. కాగితం మీద ఇంతే.

ఆశా అక్కలు ఇంటింటికీ వెళ్ళి ఫారాలు నింపుతున్నారు, ఆ లెక్క బాగానే ఉంటుంది. కానీ ఫారం నింపడం వేరు, మనిషి వచ్చి బల్ల మీద పడుకుని పరీక్ష చేయించుకోవడం వేరు. ఆ రెండోదానికి వస్తున్నది ఎవరయ్యా అంటే టీచరమ్మలు, కిరాణా షాపు వాళ్ళ ఇంటావిడ, డ్వాక్రా లీడర్లు, పిల్లలు వైజాగ్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తూ "అమ్మా వెళ్ళి చూపించుకో" అని ఫోన్‌లో పోరు పెట్టే ఇళ్ళవాళ్ళు. వీళ్ళలో సగం మంది ఎలాగూ ఏడాదికోసారి ప్రైవేటులో చెకప్ చేయించుకుంటూనే ఉంటారు.

రానివాళ్ళు ఎవరంటే జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచేవాళ్ళు, కాలనీ వాళ్ళు, సముద్రం వైపు మత్స్యకార ఊళ్ళ ఆడవాళ్ళు. అక్కడ యాభై దాటిన అమ్మమ్మల్లో అడ్డపొగ తాగేవాళ్ళు ఇంకా ఉన్నారు (తెలియనివాళ్ళకి: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు). ఒకావిడ చేత ఎలాగో నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. శ్రీకాకుళం వెళ్ళి చూపించుకోమని చీటీ రాసిచ్చాను. ఆ చీటీ మడిచి కొంగున కట్టుకుని "నాకేటి నొప్పి నేదు కదమ్మా" అని వెళ్ళిపోయింది. ఇంతవరకు వెళ్ళలేదు.

ఇంకో సంగతి, ఇది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు కోసం ఎన్నో టీములు వచ్చి రక్తాలు, మూత్రాలు తీసుకెళ్ళాయి. "మా రక్తం అట్టికెళ్ళినోళ్ళు ఒక్కలైనా మళ్ళీ వచ్చి ఏటయిందో సెప్పినారా" అని అడుగుతారు, నా దగ్గర జవాబు ఉండదు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) నంబరు తెలిసిన రోజు నుంచే ఫలానా ఆయన మంచం పట్టాడని చెప్తారు. వాళ్ళ దృష్టిలో పరీక్ష అంటే చెడ్డ వార్త మొదలయ్యే చోటు.

పోస్టర్లు అంటించాం, మైకులో చెప్పించాం, గ్రామసభలో మాట్లాడాం. మీటింగ్‌లో అడిగితే "అవేర్‌నెస్ పెంచండి" అంటారు. అవేర్‌నెస్ లేక కాదు అనిపిస్తోంది నాకు. మీ ఊళ్ళలో ఎలా ఉంది? ఏదైనా పనిచేసింది ఉంటే చెప్పండి. ఫిలాసఫీ వద్దు ప్లీజ్.

గోదారి గట్టు

మేడమ్, ఏమీ అనుకోకండి, మన జనానికి ఉచితంగా ఇస్తే విలువ తెలియదు. సినిమా రిలీజైతే పొద్దున ఆరింటికి లైన్లో ఉంటారు, టెస్టుకి రమ్మంటే టైమ్ లేదంటారు. పింఛనుకో రేషన్‌కో లింకు పెట్టి చూడండి, నెల తిరక్కుండా వంద శాతం వస్తారు.

ఉద్దానం అమ్మాయి

అన్నా, పింఛను ఆపుతామని బెదిరిస్తే వస్తారు, నిజమే. వచ్చి బల్ల మీద బిగుసుకుపోతారు, ఆ పరీక్ష సరిగ్గా జరగదు, తర్వాత నా క్లినిక్‌కి జ్వరం వచ్చినా రారు. ఫ్యాక్టరీలో కిలోల లెక్కన కూలి. ఒక పూట మానేస్తే ఆ పూట డబ్బులు పోవడమే కాదు, ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటారు. జీడి రసంతో నల్లబడ్డ వేళ్ళు చూపించి "ఈ చేతుల్తో ఏ సినిమాకి ఎల్తామమ్మా" అంటారు. మీరు సరదాకి అన్నారని తెలుసు, అయినా చెప్తున్నాను.

ఆర్కేబీచ్ డాక్టర్

కమ్యూనిటీ మెడిసిన్‌లో ఉన్నాను, వైజాగ్. మీ అనుమానం కరెక్టే సిస్టర్, కొంచెం పెద్ద జవాబు, ఓపిక పట్టండి.

ముందు అంకెలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ళ ఆడవాళ్ళని "ఎప్పుడైనా ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారా" అని అడిగితే దేశం మొత్తం మీద అవునన్నవాళ్ళు 1.9 శాతం. రొమ్ము పరీక్ష అయితే ఒక శాతం కూడా లేదు. ఇలాంటి చోట "పేదవాళ్ళు రావట్లేదు" అనే ముందు అసలు ఎవరూ రావట్లేదని గుర్తుపెట్టుకోవాలి. అదే సర్వేలో తమిళనాడు 9.8 శాతం. అక్కడి ఆడవాళ్ళకి చైతన్యం ఎక్కువనా? అదేం కాదు, వాళ్ళు 2007లోనే తేని, తంజావూరు జిల్లాల్లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా తీసుకెళ్ళారు. రోజూ పరీక్ష చేసే మనిషి, చేసే గది దగ్గర్లో ఉంటే జనం వస్తారు. అక్కడ కూడా పదిమందిలో తొమ్మిదిమంది రాలేదు, అది వేరే సంగతి.

పరీక్ష ఏమైనా బ్రహ్మవిద్యా అంటే కాదు. మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే దాదాపు వెనిగరే, దూదితో ముఖద్వారం మీద అద్ది ఒక నిమిషం ఆగి చూడటం. తెల్ల మచ్చ కనిపిస్తే అనుమానం. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్ళు డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి ఇదే పరీక్ష చేయిస్తే, ఆ క్యాన్సర్‌తో చావులు 31 శాతం తగ్గాయి. నోటికైతే టార్చి, మీ కళ్ళు చాలు. తిరువనంతపురం జిల్లాలో చేసిన పెద్ద అధ్యయనంలో పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. అంటే మీ అడ్డపొగ అమ్మమ్మలకి ఈ టార్చి వల్ల లాభం టీచరమ్మలకంటే చాలా ఎక్కువ. టీచరమ్మ పది సార్లు నోరు చూపించుకున్నా ఆవిడకి ఒరిగేదేం లేదు. మనం లెక్క రాసేటప్పుడు మాత్రం ఇద్దర్నీ ఒక్కటిగా రాస్తాం. నన్నడిగితే అసలు లోపం అక్కడుంది, "ఇంతమందిని స్క్రీన్ చేశాం" అని టార్గెట్ పెడితే ఎవరైనా సులువుగా దొరికేవాళ్ళతోనే లెక్క పూర్తి చేస్తారు. మీరైనా అంతే, నేనైనా అంతే.

ఇక భయం సంగతి. మన దగ్గర గర్భసంచి ఆపరేషన్ల చరిత్ర మర్చిపోకండి. 2015–16 సర్వేలో ఆంధ్రలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశ సగటు 3 శాతం చిల్లర. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన ముప్పై ఐదేళ్ళ కూలీ మనిషికి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, తీయించేసుకో" అని చెప్పి పంపిన చోట్లు ఎన్నో. దానికోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. ఇప్పుడు మీరు వెళ్ళి "గర్భసంచి దగ్గర క్యాన్సర్ పరీక్ష, ఫ్రీ" అంటే ఆవిడకి వినపడేది ఏమిటో ఊహించుకోండి. డబ్బున్న ఆడవాళ్ళకి ఈ భయం ఉండదు, రెండో డాక్టర్‌ని అడిగే వీలుంటుంది వాళ్ళకి.

కాబట్టి మీరు చెప్పాల్సిన మొదటి మాట "ఇందులో గర్భసంచి తీసేది లేదు" అని. పోస్టర్ మీద కాదు, నోటితో.

ఒక టెక్నికల్ విషయం కూడా. ముట్లు ఆగిపోయినవాళ్ళలో వెనిగర్ పరీక్ష అంత నమ్మకంగా ఉండదు, చూడాల్సిన భాగం లోపలికి వెళ్ళిపోతుంది. వాళ్ళలో "నెగెటివ్" అని ధీమాగా చెప్పేయకండి.

పొందూరు ఖద్దరు

డాక్టర్ గారు భయం గురించి చెప్పారు, బాగుంది. నేను చీటీ గురించి చెప్తాను, ఎందుకంటే మా అమ్మ వచ్చింది. క్యాంపుకి రానివాళ్ళ గురించే అందరూ మాట్లాడతారు గానీ వచ్చినవాళ్ళకి ఏమవుతుందో కూడా వినండి.

మా ఊరి బళ్ళో క్యాంపు పెట్టారు. అమ్మ చేనేత, మగ్గం మీద కూర్చునే మనిషి, పక్కింటావిడ లాక్కెళితే వెళ్ళింది. ఎడమ రొమ్ములో చిన్న గడ్డలా ఉందని ఏఎన్ఎం గారే పట్టుకున్నారు, ఆవిడకి ఇప్పటికీ దండం పెడతాం. చీటీ రాసిచ్చారు. పెద్దాస్పత్రికి వెళితే ఆ రోజు చూసేవాళ్ళు లేరు, ఫలానా వారం రండి అన్నారు. ఆ వారం వెళితే ఫిల్మ్ తీసే మెషీన్ పనిచేయట్లేదు, బయట తీయించుకోండి అన్నారు. బయట అయిన డబ్బులు నాన్న రెండు వారాల సంపాదన. ఆ రిపోర్ట్ పట్టుకుని వెళితే ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు, దానికి ఇంకో తేదీ, ఇంకో కౌంటరు. ఈలోగా పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది, ఆర్డర్లు వచ్చాయి, అమ్మ "అది పెరగట్లేదులే" అంది. మేం కూడా ఊరుకున్నాం.

జబ్బు అని తేలాక కార్డు పనిచేసింది, ఆపరేషన్, కీమో అన్నీ దాని మీదే అయ్యాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ జబ్బు అని తేలేదాకా అయిన ఖర్చంతా మా జేబులోదే, బస్సులు, ఆటోలు, హోటలు తిండి, పోయిన కూలి. పేదవాడు ఆగిపోయేది ఆ మధ్యలోనే. మా మావయ్య కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆవిడకీ గడ్డే, పొద్దున స్కాన్, సాయంత్రం ముక్క పరీక్ష, వారంలోపు రిపోర్ట్ చేతిలో ఉంది. మా అమ్మకి అదే పని అయ్యేసరికి గడ్డ చంకలోకి పాకింది.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మగ్గం మాత్రం మానేసింది, ఆ చెయ్యి వాస్తుంది.

కాబట్టి గోదారి గట్టు అన్నకి నాదొకటే ప్రశ్న, పింఛనుకి లింకు పెట్టి అందర్నీ క్యాంపుకి తోలారనుకోండి, ఆ చీటీ పట్టుకుని మా అమ్మలాగా తిరిగేవాళ్ళకి ఎవరు తోడు వెళ్తారు? అమ్మని తీసుకెళ్ళడానికి నేను కాలేజీ మానేశాను. పిల్లలు లేని ఆవిడ అయితే?

గోదారి గట్టు

తమ్ముడూ, మీ అమ్మగారికి బాగున్నందుకు సంతోషం. లింకు మాట వెనక్కి తీసుకోను గానీ, చీటీ ఇచ్చాక ఆస్పత్రి వైపు బాధ్యత కూడా అంతే గట్టిగా ఉండాలంటే ఒప్పుకుంటా.

మున్నేరు

ఖమ్మం నుంచి. మా దగ్గర ఇంకో పొర ఉంది, పాతవాళ్ళు మర్చిపోలేదు.

2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి, దాదాపు 14,000 మందికి, ఇదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఒక ప్రాజెక్టు కింద వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రుల సంతకాలు ఉండాల్సిన చోట వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, వాటికి టీకాతో సంబంధం లేదని తర్వాత విచారణలో తేల్చారు (పాముకాటు, మునిగిపోవడం లాంటివి), కానీ 2010 ఏప్రిల్‌లో ప్రోగ్రాం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తిట్టింది.

టీకా మంచిదా కాదా అంటే మంచిదే, మా పాపకి డబ్బులు పెట్టి వేయించాను. నేను చెప్పేది అది కాదు. ఆ పిల్లలు ఇప్పుడు ముప్పైకి దగ్గర పడ్డారు. ఇంకొన్నేళ్ళలో స్క్రీనింగ్‌కి పిలవాల్సింది వాళ్ళనే. అప్పుడు అడగకుండా సూది వేసి, ఏం వేశారో ఇంట్లో చెప్పకుండా పంపిన వ్యవస్థే ఇప్పుడు "రామ్మా బల్ల మీద పడుకో" అంటుంది. రాకపోతే వాళ్ళది అజ్ఞానం అందామా?

డాక్టర్ గారు ముంబై అధ్యయనం చెప్పారు, 31 శాతం. బాగుంది. అదే అధ్యయనంలో పరీక్ష చేయకుండా వదిలేసిన గ్రూపు కూడా ఉంది కదండీ, బస్తీ ఆడవాళ్ళే. ముంబైతో పాటు ఇలాంటి అధ్యయనాలే జరిగిన ఉస్మానాబాద్, దిండిగల్ మూడూ కలిపితే వదిలేసిన గ్రూపుల్లో 250 మందికి పైగా ఆ క్యాన్సర్‌తోనే పోయారు. అది న్యాయమా అని అమెరికాలోనే గొడవైంది. పరీక్ష పనిచేస్తుందని రుజువు చేయడానికి కూడా పేద ఆడవాళ్ళే, రుజువయ్యాక చివర్లో అందేది కూడా వాళ్ళకే.

మా వైపు 2023 మార్చి నుంచి ఆరోగ్య మహిళ అని మంగళవారాలు ఆడవాళ్ళకే క్లినిక్ పెట్టారు, లేడీ స్టాఫ్ మాత్రమే ఉంటారు. దాని మంచి ఏంటంటే అక్కడికి థైరాయిడ్‌కో, నెలసరి ఇబ్బందికో వెళ్ళాననొచ్చు, క్యాన్సర్ పేరెత్తకుండా. అత్తగారికి చెప్పడానికి ఒక సాకు ఉంటుంది. మా వదిన అలాగే వెళ్ళింది.

ఆర్కేబీచ్ డాక్టర్

మున్నేరు గారూ, ఒప్పుకుంటాను. ఆ గ్రూపుల మీద మా డిపార్ట్‌మెంట్‌లోనే ఇప్పటికీ వాదించుకుంటాం. "అప్పట్లో దేశంలో స్క్రీనింగే లేదు, కాబట్టి మామూలుగా జరిగేదే జరిగింది" అన్నది ఆ అధ్యయనాలు చేసినవాళ్ళ సమాధానం. నాకది పూర్తిగా మింగుడు పడదు.

కొండాపూర్ కోడర్

రివర్స్ కోణం ఒకటి. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏటా ఫుల్ బాడీ చెకప్. నాకు ఇరవై తొమ్మిది. ఏ లక్షణమూ లేకుండా సీఏ-125 అనే "క్యాన్సర్ మార్కర్" టెస్ట్ చేశారు, కొంచెం ఎక్కువ వచ్చింది, ఇక చూడండి టెన్షన్, స్కాన్ మీద స్కాన్, నెల రోజులు నిద్ర లేదు. చివరికి ఏమీ లేదు. తర్వాత చదివితే తెలిసింది, లక్షణాలు లేని మామూలు ఆడవాళ్ళకి అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్‌గా ఆ టెస్ట్ చేయమని ఎవరూ చెప్పట్లేదు, బ్రిటన్‌లో రెండు లక్షల మంది మీద ఏళ్ళ తరబడి చూసినా చావులేమీ తగ్గలేదట. పెట్టినవాడికి ప్యాకేజీ రేటు పెరిగింది, అంతే.

అక్టోబర్ వచ్చిందంటే మా గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో పింక్ రిబ్బన్లు, ఉచిత మామోగ్రామ్ కూపన్లు. మా ఇంట్లో పని చేసే ఆవిడది నలభై ఎనిమిదేళ్ళు, శ్రీకాకుళం జిల్లా నుంచే వచ్చారు, భర్త మా పక్క టవర్‌కి వాచ్‌మన్. ఆవిడని తీసుకెళితే "రెసిడెంట్స్ ఓన్లీ" అన్నారు. ఆవిడ రోజూ పన్నెండు గంటలు అక్కడే ఉంటుంది మరి, మాకంటే ఎక్కువ రెసిడెంట్. అసోసియేషన్ గ్రూపులో పెద్ద గొడవ పెట్టుకున్నాను, ఒక సీనియర్ అంకుల్ "వాళ్ళకి గవర్నమెంట్ ఇస్తుంది కదమ్మా" అన్నారు. ఎక్కడ ఇస్తుంది? ఊళ్ళో ఆవిడ ఇంటికి తాళం, ఇక్కడ ఏ లిస్టులోనూ పేరు లేదు.

ఉద్దానం గారూ, మీ యాప్‌లో "డోర్ లాక్" అని నొక్కే ఇళ్ళన్నీ ఇక్కడ కొండాపూర్‌లోనో, చెన్నైలో బిల్డింగ్ పనుల్లోనో ఉన్నాయి.

లెస్టర్ సిస్టర్

బ్రిటన్‌లో నర్సుని, సొంతూరు విజయనగరం దగ్గర. "ఉచితంగా ఇస్తే విలువ తెలియదు" అన్నారు కదా, ఇక్కడ అందరికీ ఉచితమే, దొరబాబులకీ ఉచితమే, అయినా ఇదే కథ. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ 2006లో మొదలైంది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది, మలం శాంపిల్ తీసి తిరిగి పోస్టు చేయడమే, స్టాంపు ఖర్చు కూడా లేదు. బస్సు లేదు, కూలి పోదు, డాక్టర్ ముందు బట్ట తీయక్కర్లేదు. మొదటి రెండు మూడేళ్ళ లెక్క చూస్తే కలిగినవాళ్ళ పేటల్లో 61 శాతం పంపారు, బాగా పేద పేటల్లో 35 శాతం. ఆసియా వాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో కూడా తక్కువే.

కారణాలు వింటే మీ ఊరే గుర్తొస్తుంది. కరపత్రం పేజీలకి పేజీలు, అదీ ఇంగ్లీషులో. ఇద్దరు పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్ళు, ఒకటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఆ శాంపిల్ ఎక్కడ దాచి పెట్టాలి? అప్పట్లో మూడు వేర్వేరు సార్లు శాంపిల్ తీయాల్సి వచ్చేది. 2019లో ఒకే ఒక్క శాంపిల్ చాలే కిట్ తెచ్చారు, పంపేవాళ్ళు పెరిగారు. మనుషుల బుద్ధి మారలేదు, పని తేలికైంది అంతే.

ముఖద్వారం పరీక్షకి ఇక్కడి మన తెలుగు ఆంటీలు కూడా రారు. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఉత్తరం వస్తే కొడుకు చదివి ఇబ్బందిపడి పక్కన పెట్టేస్తాడు. ఇంకా ఒంటరి ఆడవాళ్ళు. భర్త పోయిన ఒకావిడ నాతో అంది, "ఆయన పోయి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు నాకు ఆ పరీక్షేంటమ్మా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు". ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఎప్పుడో అంటుకుని ఏళ్ళ తర్వాత కూడా దాన్ని తేగలదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పడం ఎంత కష్టమో కూడా చూడండి, "ఇది సంభోగం వల్ల వచ్చే వైరస్" అనగానే ఆవిడ కళ్ళు ఎటు తిరుగుతాయి? నేను ఆ మాటతో మొదలుపెట్టను. "పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోతుంది, కొందరిలో పోకుండా ఉండిపోతుంది, అది చూద్దాం" అంటాను.

లండన్‌లో పిలిచినా రానివాళ్ళకి స్వాబ్ ఇచ్చి సొంతంగా తీసుకోమంటే చాలామంది తీసి ఇచ్చారు. హెచ్‌పీవీ పరీక్షకి ఆ శాంపిల్ సరిపోతుంది. మీ దగ్గర అది వచ్చేదాకా వెనిగరే గతి, కానీ వచ్చిన రోజు మొదట కాలనీలో ఇవ్వండి, టీచరమ్మలకి కాదు.

ఉద్దానం అమ్మాయి

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ఖద్దరు తమ్ముడికి.

భర్త పోయినవాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు. మా లిస్టు తీసి చూశాను, పరీక్షకి వచ్చినవాళ్ళలో వితంతువులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఊళ్ళో మాత్రం కిడ్నీ జబ్బుతో మగవాళ్ళు పోయిన ఇళ్ళు ఎన్నో. నాకు ఫారంలో వాళ్ళు "రిఫ్యూజ్డ్" అని కనిపిస్తున్నారు, అంతే.

రెండు పనులు మొదలుపెడదామనుకుంటున్నాను. ఒకటి, టార్చి పట్టుకుని సాయంత్రం పూట సముద్రం ఊళ్ళకి వెళ్ళడం, వలలు బాగుచేసుకుంటూ అందరూ బయటే కూర్చునే టైమ్. నోరు చూడటానికి గదీ బల్లా అక్కర్లేదు కదా. రెండు, ఒక జీడి ఫ్యాక్టరీ ఓనర్‌ని అడిగాను, లోపలే ఒక గది ఇస్తానన్నాడు, కానీ పని గంటల్లో వద్దు, ఆదివారం పెట్టుకోండి అన్నాడు. ఆదివారం వాళ్ళకున్న ఒక్క సెలవు, ఆ రోజు వస్తారా? పని గంటల్లో పది నిమిషాలు ఒక్కొక్కరిని పంపి, ఆ పది నిమిషాల కూలి కోయకుండా ఉంటే చాలు అన్నాను. "చూద్దాం" అన్నాడు. డాక్టర్ గారూ, దీనికి పైనుంచి ఏదైనా లెటర్ ఇప్పించగలరా?

ఆర్కేబీచ్ డాక్టర్

లెటర్ మీ మెడికల్ ఆఫీసర్ చేత డీఎంహెచ్‌వోకి (జిల్లా వైద్యాధికారికి) పెట్టించండి, కార్మిక శాఖకి ఒక కాపీ. ఓనర్ దగ్గరికి కాగితంతో వెళితే "చూద్దాం" అనే మాట కొంచెం తగ్గుతుంది. అక్కడ ముందు నోరు, రొమ్ము మాత్రమే చూడండి, ముఖద్వారం పరీక్ష ఫ్యాక్టరీ గదిలో వద్దు, తలుపు అవతల సూపర్‌వైజర్ ఉంటే ఏ ఆడమనిషీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఇంకొకటి, చీటీలు రాసేముందు శ్రీకాకుళంలో అవి ఎవరు తీసుకుంటారో ఒక మనిషి పేరు, ఫోన్ నంబర్, ఏ రోజు ఉంటారో కనుక్కుని చీటీ మీదే రాయండి. ఆ రోజు ముగ్గురు నలుగుర్ని కలిపి ఒకే బండిలో పంపండి, ఆశా అక్కని తోడు ఇచ్చి. ఆ అడ్డపొగ అమ్మమ్మని మొదటి బండిలో ఎక్కించండి. డేట్ ఖాయమైతే ఇక్కడ రాయండి, పాథాలజీలో నా బ్యాచ్‌మేట్ ఉన్నాడు, ముక్క రిపోర్ట్ త్వరగా వచ్చేలా మాట్లాడతాను.

పొందూరు ఖద్దరు

అక్కా, బండికి ఆ రోజు నేను వస్తాను. ఏ కౌంటర్‌లో ఏం అడుగుతారో నాకు తెలుసు. ఆధార్ జిరాక్సులు రెండేసి తెచ్చుకోమనండి.